మా బావ చేతి వణుకు

మా వీధిలో ఎవరికైనా తుమ్ము వస్తే మందు కొనడానికి చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే ఏదో ఒక మందుల షాపు తగులుతుంది. ఎక్కువ చేసి చెప్పడం లేదు. మా సెలూన్‌కి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, ఎదురుగా ఒకటి, మూల తిరగ్గానే ఇంకొకటి. పుస్తకాల కొట్టు పోయింది, మందుల షాపు వచ్చింది. సైకిళ్ళు బాగుచేసే ఆయన కాళ్ళ నొప్పులు పడలేక కొట్టు మూసుకుంటే, కాళ్ళ నొప్పులకు మందులమ్మే షాపే అందులో వెలిసింది. టైలర్ మాస్టారు తన కొట్టును మధ్యకు చీల్చి సగం అద్దెకిచ్చాడు. ఆ సగంలో ఏమొచ్చిందో నేను చెప్పాలా? ఇన్ని షాపులు ఒకే వీధిలో బతికి బట్టకడుతున్నాయంటే, ఒకటి, మేమంతా పుట్టు రోగిష్టివాళ్ళమై ఉండాలి. లేదా మమ్మల్ని ఎవరో రోగిష్టివాళ్ళను చేస్తూ ఉండాలి. నేను రెండోదే నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో తెలియాలంటే మా బావ సంగతి చెప్పాలి.

బావ అంటే మా అక్క భర్త. సెలూన్ ఆయనది. అందులో రెండు కుర్చీలు. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే కుర్చీ ఆయనది, తలుపు దగ్గరిది నాది. నేను పనిలో చేరేనాటికే వీధిలో ఆయనకు వెన్నచెయ్యి అని పేరు. కత్తి చెంప మీద ఆన్చితే ఆన్చినట్టు తెలిసేది కాదు. గడ్డం గీయించుకుంటూనే నిద్రపోయేవాళ్ళు కొందరు, గురకపెట్టేవాళ్ళు ఇంకొందరు. కంఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెమ్మదిగా తట్టి, "ఒక్కసారి మింగండి" అనేవాడు. వాళ్ళు గుటక వేసి, ఆ గుటక కిందికి దిగేలోపు అక్కడ పని అయిపోయేది. నేను ఎన్నేళ్ళు పక్కన నిలబడి చూసినా ఆ ఒడుపు నాకు పట్టుబడలేదు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ నిద్రపోరు, కళ్ళు పెద్దవి చేసుకుని అద్దంలో నన్నే కనిపెట్టి ఉంటారు.

పనిలో అంత నేర్పున్న మనిషికి నోట్లో నాలుక లేదు. ఎవరేమన్నా సరే అనడమే. వద్దు అనే మాట ఆయన గొంతులో పుట్టలేదు. పెళ్ళైన కొత్తలో మా అక్క, "ఈ మనిషిని అంగడికి పంపితే అడగనివన్నీ మోసుకొస్తాడు" అని తల బాదుకునేది. అప్పట్లో అందరం నవ్వుకున్నాం. ఆ మెతకదనమే ఆయన కొంప ముంచుతుందని ఎవరం అనుకోలేదు.

ఎదురుగా ఉన్న మందుల షాపు ఆయనకు నేను పెట్టుకున్న పేరు సిరప్పు. మాట అంత తీపి. వచ్చిన ప్రతివాడినీ అన్నా, తమ్ముడూ, అమ్మా అని పిలుస్తాడు. దగ్గుతూ వచ్చినవాడిని వీపు నిమిరి పంపిస్తాడు, ఆ నిమిరిన చేత్తోనే సంచి నింపుతాడు. షాపు తెరిచిన నాటినుంచీ రోజు విడిచి రోజు మా బావ దగ్గర గడ్డం గీయించుకునేవాడు. బావ ఆయన దగ్గర ఏమీ పుచ్చుకునేవాడు కాదు. మా ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆయనా మాత్రలు ఊరికే ఇచ్చేవాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదు, అలా కుదిరిపోయింది. అదే కుదరకపోయి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక ఆదివారం మా బావ కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకుని అలాగే వంగిపోయాడు. ఆదివారమంటే మాకు ఊపిరి సలపనివ్వని రోజు. పొద్దున్నుంచి ఒకటే నిలబడి ఉన్నాడు, టీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. కాస్త తిని పడుకుంటే సరిపోయేది. అంతలో ఎదురు షాపునుంచి సిరప్పు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఇలాంటివి తేలిగ్గా తీసుకోకూడదు" అంటూ భుజం కింద చెయ్యి వేసి, తన షాపు వెనక గదిలోకి నడిపించుకుపోయాడు. ఆ గదిలో ఒక డాక్టరు కూర్చుంటాడు. రోగి కుర్చీలో సరిగా సర్దుకునేలోపే చీటీ రాయడం అయిపోతుంది కాబట్టి ఆయన్ని చీటీ డాక్టరు అంటారు. నేనూ వెంట వెళ్ళాను. తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. తల తిరగకుండా ఒక మాత్ర రాసి, "రెండు వారాలు వేసుకో" అన్నాడు. ఈ రెండు వారాలన్న మాట నేను చెవులారా విన్నాను.

రెండు వారాలు గడిచాయి. తల తిరగడం లేదు. గడ్డానికి వచ్చిన సిరప్పు కుర్చీలోంచి లేస్తూ జేబులోంచి కొత్త మాత్రల షీటు తీసి అద్దం ముందు పెట్టాడు.

"తగ్గిపోయిందన్నా, ఇంకెందుకు?" అన్నాడు బావ.

"తగ్గిందని మానేస్తేనే తిరగబెడుతుంది. నువ్వు కత్తి పట్టే మనిషివి. ఎవరి మెడ మీదో తూలితే? నా మాట విను. నేనున్నాగా."

బావ విన్నాడు. ఆ తర్వాత గడ్డంతో పాటు షీటూ రావడం మొదలైంది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఎన్నాళ్ళు మింగుతావు బావా? వద్దని చెప్పు" అన్నాను.

"ఎలా చెప్పనురా? మాత్రలు వద్దంటే, గడ్డానికి డబ్బులిమ్మని అడిగినట్టు ఉండదూ?"

ఇదీ మా బావ తర్కం. ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని మాత్రలు మింగాడు. ఒక వారం కాదు, ఒక నెల కాదు, ఏళ్ళు. మంచినీళ్ళు తాగినట్టు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. లోకంలో మొహమాటానికి అప్పిచ్చి మునిగినవాళ్ళున్నారు, మొహమాటానికి మందు మింగి మునిగినవాడు మా బావ ఒక్కడే అనుకుంటాను.

వణుకు ముందు మా అక్క కంటపడింది. టీ గ్లాసు అందుకుంటుంటే ఒలికింది. మరునాడూ ఒలికింది. తర్వాత సెలూన్‌లో నేను చూశాను. జుట్టు కత్తిరించడం ఆపి, దువ్వెన తీసుకోవడానికి పక్కకు తిరిగినా ఆయన చేతిలో కత్తెర ఇంకా గాలిని కత్తిరిస్తూనే ఉంది. అడుగులు చిన్నవైపోయాయి. ముఖం బిగుసుకుపోయింది, నేను జోకు వేస్తే కళ్ళు నవ్వేవిగాని మూతి కదిలేది కాదు. మా అక్క అయితే, "నామీద కోపమా? ఎందుకలా ముఖం పెడుతున్నావు?" అని దెబ్బలాడింది. కోపం కాదు, ముఖం ఆయన మాట వినడం లేదంతే.

సిరప్పుకు ఇది తెలియగానే వెనకగదికి మళ్ళీ ప్రయాణం. చీటీ డాక్టరు వణుకుకు ఇంకో మాత్ర రాశాడు. పాతది ఆపమనలేదు, అసలు పాతది ఇంకా నడుస్తోందా అని అడగలేదు. ఆ రెండోది వేసుకున్నాక బావ నోరు ఎడారి అయిపోయింది. కడుపు కదలడం మానేసింది. దానికి తాగే మందు ఇచ్చారు. చూపు మసకబారితే కళ్ళలో చుక్కలిచ్చారు. ఇన్ని పడేసరికి కడుపులో మంట పుట్టింది, దానికి పరగడుపున వేసుకునేది ఒకటి. మాత్ర వెనక మాత్ర బండి కట్టుకుని వచ్చింది. అక్క బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి అందులో మందులు పెట్టింది. అదీ చాలక ఇంకో డబ్బా వెతికింది. ఆ డబ్బాలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మందులు పెరుగుతున్నాయి, మనిషి తరుగుతున్నాడు, ఈ రెండింటినీ కలిపి చూసేవాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

ఒక మధ్యాహ్నం తిన్నగా వీధి దాటి సిరప్పు కౌంటరు ముందు నిలబడ్డాను.

"అన్నా, మా బావకు ఈ మాత్రల వల్లే ఇలా అవుతోందేమో?"

ఆయన ముఖం మీది తీపి చెక్కుచెదరలేదు. "తమ్ముడూ, నువ్వు డాక్టరువా?"

"కాదు. మీరు డాక్టరా?"

"నేను చీటీలో ఉన్నదే ఇస్తాను."

"ఆ చీటీలో రెండు వారాలనే ఉంది. ఎప్పటి చీటీ అది!"

"చీటీకి పాతా కొత్తా ఏముంటుంది? రోగం పాతబడుతుందా? ఇది వయసుతో వచ్చే వణుకు. మీ బావ నాకు తోడబుట్టినవాడితో సమానం. నీకు ఉందో లేదో గాని, ఆయన మీద నాకు ప్రేమ ఉంది."

వెనక నిలబడ్డ నలుగురు కొనుగోలుదారులు నన్నే కృతఘ్నుణ్ణి చూసినట్టు చూశారు. ఒక పెద్దావిడ, "పాపం, ఊరికే మందులిస్తుంటే పేచీ ఏమిటి బాబూ?" అంది. నేను వీధి దాటి వచ్చేశాను. 

తర్వాత జరగాల్సింది జరిగింది. బడిలో హెడ్‌మాస్టరుగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకాయన మా బావ కుర్చీలో తప్ప కూర్చునేవాడు కాదు. కూర్చున్న వెంటనే నిద్రపోయేవాడు. ఆరోజు చెవి కింద కత్తి జారింది. ఆయన అబ్బా అని లేచి కూర్చున్నాడు. నురగ ఎర్రబడింది. బావ పటిక అద్దుతుంటే ఆ పటిక కూడా ఆయన చెంప మీద ఒక చోట నిలవలేదు. నేను వెళ్ళి తీసుకుని అద్దాను. హెడ్‌మాస్టరు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. మళ్ళీ వచ్చినప్పుడు బావ కుర్చీ ఖాళీగా ఉన్నా బల్ల మీదే కూర్చుని పేపరు చదువుకున్నాడు, నా కుర్చీ ఖాళీ అయ్యాక వచ్చి అందులో కూర్చున్నాడు. నిద్రపోలేదు.

అక్కణ్నుంచి ఒక్కొక్కరే జారుకున్నారు. "నాకు తొందరలేదు లెండి" అనేవాడొకడు. "తమ్ముడికి నా జుట్టు అలవాటైపోయింది" అనేవాడు ఇంకొకడు. నా కుర్చీ ముందు బల్ల నిండా జనం, బావ కుర్చీలో గాలి. ఆయన దాని చేతుల్ని గుడ్డతో తుడిచేవాడు, అద్దం తుడిచేవాడు, సీసాలు వరసగా సర్దేవాడు, సర్దినవి మళ్ళీ సర్దేవాడు. నా కుర్చీకి గిరాకీ పెరిగిందని సంతోషపడేంత దరిద్రుణ్ణి కాదు నేను. ఆ పని నాకు నేర్పింది ఆయనే. ఆయన కళ్ళముందు ఆయన మనుషులకు నేను నురగ పూస్తుంటే నా చేతులు నాకే బరువయ్యేవి. ఇంట్లో ఆయన అక్కతో, "ఆ కుర్చీ ఎవరికైనా అప్పగించేసి నేను ఇంట్లో కూర్చుంటా" అన్నాడట. కుర్చీ పోతే మా బావ ఇంకేమీ కాడు. ఆయనకు వేరే పని రాదు, వేరే ఊసు లేదు, మనుషులతో ఆయన మాట్లాడేది కూడా కత్తితోనే.

సిరప్పు ఏం చేశాడో తెలుసా? ఆయనా నా కుర్చీలోకి మారాడు. తోడబుట్టినవాడితో సమానమన్న మనిషి! గడ్డం నా చేత గీయించుకుని, షీటు మాత్రం తీసుకెళ్ళి బావ అద్దం ముందు పెట్టాడు. "వేళకు వేసుకో అన్నా" అని భుజం తట్టాడు. ఆరోజు ఆయన ముఖానికి ఎంత చల్లటి నీళ్ళు కొట్టానో ఆ నీళ్ళకే తెలుసు.

చివరికి మా అక్కే కొంగు బిగించింది. "మీ షాపులూ వద్దు, మీ వెనకగదులూ వద్దు" అని బావను బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ముందు చేతులు చాపమంది, నడవమంది, మోచెయ్యి వంచి చూసింది. ఇంట్లో ఉన్న మందులన్నీ, చుక్కలతో సహా, తీసుకురమ్మంది. రెండోసారి నేనూ వెళ్ళాను. రెండు డబ్బాలూ బల్ల మీద బోర్లించాం. ఆవిడ ఒక్కొక్కటే చదివి పక్కన పెడుతూ ఒక షీటు దగ్గర ఆగింది.

"ఇది ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నారు?"

"చాలా ఏళ్ళయిందమ్మా" అన్నాడు బావ.

"ఎవరు వేసుకోమన్నారు?"

బావ ఆ షీటును తిప్పి బోర్లా పెట్టాడు. "అది గడ్డంతో పాటు వస్తుందమ్మా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను కథంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. ముఖం గంటు పెట్టుకుని, తల తిరగకుండా ఇచ్చే ఈ మందు ఎక్కువకాలం వేసుకుంటే కొందరికి చేతులు వణుకుతాయి, ఒళ్ళు బిగుసుకుపోతుంది అని చెప్పింది. దాన్ని ఆపేయమంది. వణుకు మాత్ర ఒక్కసారిగా మానకూడదంది, ఎలా తగ్గించుకుంటూ రావాలో తను రాసిస్తానంది.

"చెయ్యి బాగవుతుందా అమ్మా?" అని అడిగింది మా అక్క.

"చాలామందికి తగ్గుతుంది. నెలలు పట్టొచ్చు. కొందరికి పూర్తిగా పోదు. చూద్దాం."

బస్సులో వస్తూ బావ అడిగిన మొదటి మాట చెయ్యి గురించి కాదు. "ఆయన మళ్ళీ షీటు పెడితే ఏమని చెప్పనురా?" అన్నాడు. నాకు బస్సులోంచి దూకెయ్యాలనిపించింది. ఏమీ చెప్పకుండా పుచ్చుకుంటూ ఉండమని అక్క తేల్చింది. వచ్చిన షీటు వచ్చినట్టు చించి పారేసేది. నేను వెళ్ళి సిరప్పును నిలదీస్తానంటే, "నామీద ఒట్టు, గొడవొద్దు" అన్నాడు బావ.

ఇక పిల్లల బెలూన్ల కథ. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళ చేత బెలూనుకు నురగ పూయించి, పగలకుండా గీయించడం మా పనిలో పాత పద్ధతే. నాకూ బావ అలాగే నేర్పాడు. ఇప్పుడు ఆయన తనకు తానే ఆ పాఠం మొదటినుంచి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం జనం లేని వేళ తలుపు దగ్గరికి వేసి, బెలూను ఊది, కిటికీ చువ్వకు కట్టి, నురగ పూసి గీసేవాడు. మొదట్లో కత్తి ఆనగానే ఠప్పుమనేది. పక్క షాపువాళ్ళు ఏంటీ చప్పుడని వచ్చి చూసేవాళ్ళు. అక్క గుప్పెళ్ళకొద్దీ బెలూన్లు కొనుక్కొస్తుంటే అంగడివాడు, "ఎవరి పుట్టినరోజమ్మా?" అని అడిగాడట. "మా ఆయనదే, రోజూ" అందట మా అక్క.

నెలలు గడిచాయి. టీ ఒలకడం తగ్గింది. ఒకరోజు నేను జోకు వేస్తే మూతి నవ్వింది. బెలూన్లు పగలడం మానేశాయి. డాక్టరమ్మ చెప్పినట్టే వణుకు మాత్ర కూడా తగ్గుతూ తగ్గుతూ పోయింది. ఒక మధ్యాహ్నం నేనే వెళ్ళి ఆయన కుర్చీలో వాలి, "ఊ, కానీ" అన్నాను. కంఠం దగ్గరికి వచ్చి, "మింగు" అన్నాడు. నేను మింగాను. పని అయిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నురగ పడిందని చెప్పాను.

చెయ్యి వచ్చిందిగాని మనుషులు రాలేదు. ఎవరికి వాళ్ళు బల్ల మీద కూర్చుని నా కుర్చీలో వంతుకోసం ఎదురుచూస్తారు. ఆఖరికి ఆ కుర్చీలో మొదట కూర్చున్నది ఎవరనుకున్నారు? సిరప్పే. బావ టీ గ్లాసు తొణక్కుండా పట్టుకున్న తీరు చూసి, ధైర్యంచేసి వెళ్ళి కూర్చున్నాడు. బావ గీశాడు, వెనకటి వెన్నచెయ్యితోనే గీశాడు. సిరప్పు చెంపలు తడుముకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, బల్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు:

"చూశారా! ఎంత వణుకు వణికిన చెయ్యి! నేనిచ్చిన మాత్ర ఎలా పనిచేసిందో ఇప్పుడు చూడండి. నేను విడవకుండా ఇచ్చాను కాబట్టి సరిపోయింది."

నేను నోరు తెరిచాను. అద్దంలోంచి బావ నావైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. మూసుకున్నాను. మరుసటి ఆదివారం బావ కుర్చీ ముందు జనం. హెడ్‌మాస్టరు కూడా వచ్చి కూర్చుని, కాసేపటికి గురకపెట్టాడు. ఎదురు షాపులో ఎవరైనా ఒక మందు గురించి సందేహపడితే చాలు, సిరప్పు మా సెలూన్ వైపు వేలు చూపించేవాడు. వాళ్ళు వచ్చి, "నిజంగా తగ్గిందా?" అని అడిగేవాళ్ళు. "తగ్గింది" అనేవాడు బావ. అంతకు మించి ఒక ముక్క పెదవి దాటేది కాదు.

జనం పోయాక బావను పట్టుకున్నాను. "నీ చెయ్యి పడగొట్టినవాడికి నువ్వే బోర్డువయ్యావు బావా. సిగ్గులేదూ?"

ఆయన నామీద కోప్పడలేదు. "మందు మానేస్తే తగ్గిందంటే ఎవరు నమ్ముతారురా? మందులేని చెయ్యి మళ్ళీ ఎప్పుడు వణుకుతుందోనని చూస్తారు. మందు వేసుకుంటున్నాడంటేనే ధైర్యంగా మెడ చాపుతారు. నాకు కుర్చీ కావాలి. నన్ను వదిలెయ్" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. అందులో అబద్ధమూ లేదు, అదే నా ఏడుపు. మా అక్క కూడా, "పోనీలేరా, పని నడుస్తోంది కదా" అంది.

అలా నడిచింది, టైలర్ మాస్టారు ఆ కుర్చీలో కూర్చునేదాకా.

అదీ ఆదివారమే. బల్ల కిక్కిరిసి ఉంది, వాకిట్లో కూడా ఇద్దరు నిలబడ్డారు. బావ మాస్టారి మెడకు గుడ్డ కట్టి, నురగ పూసి, ఒక చెంప గీశాడు. మాస్టారు మాటకారి. మూతి కదపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

"మిషను మీద వంగి కూర్చుంటే తల దిమ్మెక్కుతోందయ్యా ఈ మధ్య. ఎదురుగా ఆయన్ని అడిగి నీకిచ్చినదే ఇమ్మన్నాను. తల దిమ్ము తగ్గింది. అదేంటో, పోయిన నెలనుంచి వేళ్ళు అదురుతున్నాయి. సూదిలో దారం ఎక్కడం లేదు. మా ఆవిడ చేత ఎక్కించుకుంటున్నా. దానికి కూడా నువ్వు వేసుకునే రెండోదే ఇచ్చాడులే. నీకు తగ్గింది కదా, నాకూ తగ్గుతుంది." గుడ్డ కిందనుంచి చెయ్యి బయటపెట్టి, జేబులోంచి తీసిన షీటు చూపించాడు. "ఇదే కదా?"

బావ షీటు చూడలేదు, చెయ్యి చూశాడు. ఆ బొటనవేలూ చూపుడువేలూ లేని దారాన్ని మెలిపెడుతున్నట్టు వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. నేనూ చూశాను. కుట్టుపని చేసేవాడి చెయ్యి అది.

బావ కత్తి కిందపెట్టాడు.

"మాస్టారూ, నేను ఏ మాత్రా వేసుకోవట్లేదు" అన్నాడు. చిన్నగా కాదు, వాకిట్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. "నా చెయ్యి వణికింది ఆ మాత్ర వల్లే. దాన్ని మానేశాకే తగ్గింది. ఇన్నాళ్ళూ చెప్పలేదు, తప్పు నాదే. రేపు పొద్దున నేను మిమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. అక్కడి డాక్టరమ్మకు ఇవి చూపిద్దాం."

  చెప్పాడు, మా బావ చెప్పాడు! మాస్టారు అద్దంలో మా బావను చూశాడు. తన వేళ్ళ వైపు చూసుకుంటాడనుకున్నాను, బావ చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను.

"అంటే," అన్నాడు మాస్టారు, "మందులేకుండానే నా మెడ మీద కత్తి పెట్టావా?"

"మాస్టారూ..."

"ఇంతమంది మెడల మీద పెట్టావా?"

మెడ దగ్గర గుడ్డ ఆయనే పీక్కుని కుర్చీలోంచి లేచాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ. ఆ నురగతోనే వీధిలోకి దిగాడు. నేను వెనకనుంచి, "మాస్టారూ, మీ చెయ్యి చూసుకోండి! ఒక్కసారి చూసుకోండి!" అని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. వీధి దాటి నేరుగా ఎదురు షాపు మెట్లెక్కాడు. సిరప్పు కౌంటరు దాటి వచ్చి ఆయన వీపు నిమరడం, సొంత తువ్వాలుతో ఆ చెంప తుడవడం మాకు ఇక్కడికి కనపడుతూనే ఉంది.

బావ కుర్చీ మీద పడిన నురగ తుడిచాడు. కత్తి కడిగి పాత బ్లేడు తీసేసి కొత్తది వేశాడు. ఆ బ్లేడు అంచు దాని గాడిలోకి ఒక్క కుదుపు లేకుండా జారింది. గుడ్డ దులిపి చేతి మీద వేసుకుని బల్ల వైపు తిరిగాడు.

"రండి. తర్వాత ఎవరు?"

హెడ్‌మాస్టరు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరు లేచి బయటికి నడిచారు. మిగిలినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అప్పుడే ఖాళీ అయిన నా కుర్చీ వైపు తల తిప్పారు. నేను వెళ్ళి నా కుర్చీలో నేనే కూర్చుని కాళ్ళు చాపుకున్నాను.